పింగాణీ క్యాప్ బలానికి పంటి అంచే ఆధారమా?

ప్రశ్న: నా కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించుకుని, పైన పింగాణీ క్యాప్ వేయించుకున్నాను. రెండేళ్లు నిండకముందే అది చిగురు వైపు నుంచి బీటలు తీసి రెండు ముక్కలైంది. గట్టి పదార్థాలు నమలడమే కారణమని వేసిన డాక్టరు గారు అన్నారు. విజయవాడలో చూపిస్తే, పన్ను అరగదీసినప్పుడు అంచు సరిగా మలచలేదేమో అన్నారు. అంచుకు అంత ప్రాధాన్యం ఉందా? మళ్లీ వేయించుకునే ముందు ఏమి అడగాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉందండీ. పింగాణీ నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది గాని, సాగదీసే బలానికి తట్టుకోలేదు. లోహంలా కొంచెం వంగి సర్దుకునే గుణం దానికి లేదు కనుక, కంటికి ఆనని లోపం ఒక్కటున్నా బీట అక్కడే మొదలవుతుంది. నమిలేటప్పుడు పైనుంచి పడే బరువు క్యాప్‌ను పంటి మీదికి దిగనొక్కుతుంటే, బండి చక్రానికి బిగించిన ఇనుప పట్టాలో లాగా, దాని అడుగు అంచులో చుట్టూ సాగుడు పుడుతుంది. మీ క్యాప్ చిగురు వైపు నుంచి విచ్చుకుందంటే, అంచును అనుమానించడం సబబే.

అరగదీసిన భాగం ఆగిపోయే గీతను మార్జిన్ అంటాము. అది కత్తి అంచులా సన్నగా ముగిస్తే, దానిపై కూర్చునే పింగాణీ కూడా పలచబడుతుంది. గాజు జాతి పింగాణీకి ఇది ప్రమాదకరం. మెట్టులా నిలిచే షోల్డర్‌లో తగిన మందం దొరుకుతుంది, కానీ మెట్టు లోపలి మూల పదునుగా ఉంటే ఒత్తిడంతా అక్కడే పోగుపడుతుంది. పైగా కంప్యూటర్ యంత్రంతో చెక్కే క్యాపుల్లో, పనిముట్టు మొన కంటే సన్నని మూలను యంత్రం చెక్కలేక, లోపలి నుంచి అదనంగా తీసివేస్తుంది. అందుకే మూల గుండ్రంగా తిప్పిన షోల్డర్ గాని, లోతైన వంపుతో ముగిసే చాంఫర్ గాని మేలు. ఈ రెండింటిలో ఏది బలమైనదన్న విషయంలో ప్రయోగశాల పరీక్షలు ఒక్క మాట మీద లేవు. నా దృష్టిలో పేరు కంటే మందమూ నునుపూ ముఖ్యం.

గాజు జాతి పింగాణీల్లో ఒకటైన లిథియం డైసిలికేట్‌కు వంపు బలం, అంటే వంచినప్పుడు విరగకుండా ఓర్చుకునే ఒత్తిడి, సుమారు 400 మెగాపాస్కళ్లు (ఒత్తిడిని కొలిచే ప్రమాణం). దవడ పంటికి అంచు దగ్గర సుమారు 1 మిల్లీమీటరు, నమిలే పైభాగాన 1.5 మిల్లీమీటర్ల మందం కావాలి. గాజు కలవని గట్టి పింగాణీ అయిన జిర్కోనియాలో బలమైన రకానికి ఆ బలం 900 దాటుతుంది కనుక అంచున అర మిల్లీమీటరుతోనూ సరిపెట్టవచ్చు. మీ పన్ను ఇప్పటికే రూట్ కెనాల్‌తో చాలా పోగొట్టుకుంది. అంచుకు పైన చుట్టూ 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలి ఉండాలి. మందం కోసం దాన్నీ అరగదీస్తే క్యాప్ నిలిచినా పన్ను విరుగుతుంది. అందువల్ల మీకు జిర్కోనియా గురించి ముందుగా అడగమంటాను.

మొదటి డాక్టరు గారి మాటనూ తోసిపుచ్చలేము. నిద్రలో పళ్లు కొరికే అలవాటున్నా, సిమెంటు సరిగా అంటకపోయినా క్యాప్ విరుగుతుంది. క్యాప్ ఏ పదార్థం, అంచు ఏ తీరులో మలుస్తారు, అది చిగురుకు పైన నిలుస్తుందా, లోపలి మూలలు గుండ్రంగా తిప్పుతారా అని అడగండి. విరిగిన ముక్కలు దొరికితే పారవేయకుండా వెంట తీసుకెళ్లండి. అంచు మందాన్ని చిన్న కొలత సాధనంతో అక్కడికక్కడే చూడవచ్చు.