కృత్రిమ కాలి కోసం పర్సనల్ లోనా? వద్దు

ప్రశ్న: మా వారికి 42 ఏళ్లు. కటి ఎముకలో కాండ్రోసార్కోమా అనే క్యాన్సర్ ఉందని తేలడంతో నెలన్నర క్రితం కుడి కాలితో పాటు ఆ వైపు కటి ఎముక కూడా తీసేశారు. ఆసుపత్రి బిల్లు దాదాపు మొత్తం ఇన్సూరెన్స్‌లో వచ్చింది. పర్సనల్ లోన్ తీసుకుని మంచి కృత్రిమ కాలు పెట్టించాలని, ఎఫ్‌డీలో ఉన్న ఎనిమిది నెలల ఖర్చుల డబ్బుతో హోమ్ లోన్ కొంత తీర్చాలని అనుకుంటున్నాం. సరైనదేనా?

జవాబు: రెండూ వద్దమ్మా. బిల్లు కట్టేశాం, గండం గడిచిందనుకుని చేతిలో డబ్బు ఖాళీ చేసుకునే కుటుంబాలను తరచూ చూస్తుంటాను. ఈ ఆపరేషన్‌కు ఇంటికొచ్చాకే అసలు ఖర్చు. గాయం చాలా పెద్దది కాబట్టి ఇన్ఫెక్షన్ సోకి మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాల్సి రావడం అరుదేమీ కాదు. కూర్చుంటే బరువు మోసే ఎముక ఒకవైపు లేదు కదా, మామూలు కుర్చీలో మనిషి ఆ పక్కకు ఒరిగిపోతాడు. ఒంటికి సరిపడా చేయించిన సీటు, కుషన్ లేకపోతే పుండ్లు పడతాయి, వెన్ను వంగుతుంది. ముందు కొనాల్సింది అది. లేని కాలిలో వచ్చే నొప్పికి మందులు, ఫిజియోథెరపీ, క్యాన్సర్ అక్కడికి పాకిందేమో చూడటానికి ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల స్కాన్లు సరేసరి. ఆయన జీతం ఎప్పటి నుంచి వస్తుందో కూడా మీరు రాయలేదు.

అందుకే ఆ ఎఫ్‌డీని ముట్టుకోకండి. వీలైతే ఏడాది ఖర్చులకు సరిపడేలా పెంచండి.

ఇక కాలు. గాయం పూర్తిగా మాని, వాపు తగ్గాకే కొలతలు తీస్తారు. తుంటి, మోకాలు, చీలమండ కీళ్లన్నీ కృత్రిమమే. ఆ కాలిని ఒంటికి బిగించేలా నడుము చుట్టూ పట్టుకునే తొడుగును (సాకెట్), ఒళ్లు తగ్గినా పెరిగినా మళ్లీ చేయించాలి. దాంతో నడవాలంటే విపరీతమైన శ్రమ. చంక కర్రలతోనే త్వరగా వెళ్లగలుగుతున్నామని దాన్ని పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. కాలు మూలన పడి ఉన్నా ఈఎంఐ ఆగదు! కొలతలే తీయని వస్తువుకు అంత వడ్డీకి ఇప్పుడే అప్పు చేయడమేమిటి? ముందు ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో కర్రలతో నడక కుదరనివ్వండి, తర్వాత ట్రయల్ అడగండి.

హోమ్ లోన్ ఈఎంఐ యథాతథంగా కట్టుకుంటూ వెళ్లండి. యాక్సిడెంట్ పాలసీ జబ్బుతో పోయిన కాలికి డబ్బివ్వదు. పెద్ద జబ్బు తేలితే డబ్బిచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ కవర్ గానీ, టర్మ్ పాలసీకి అలాంటి రైడర్ (అదనంగా జోడించుకునే కవర్) గానీ ఉన్నాయేమో ఈ వారమే చూసి, ఉంటే గడువు దాటకుండా క్లెయిమ్ పెట్టండి. హెల్త్ పాలసీ రెన్యువల్ ఒక్కరోజు కూడా ఆలస్యం కానివ్వకండి. అది ఆయన ఆఫీసు ఇచ్చిందైతే, ఉద్యోగం మానే ముందే సొంత పాలసీగా మార్చుకునే వీలుందేమో హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి.