కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందా?

ప్రశ్న: మాది ఆదోని. అమ్మకి 58 ఏళ్లు, ముట్టు ఆగిపోయి చానా ఏళ్లైంది, ఈమధ్య మళ్లీ బ్లీడింగ్ కనిపిస్తే బయాప్సీ చేయించాం, గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్, గ్రేడ్ 1, అంటే మెల్లగా పెరిగే రకం అన్నారు. ఎమ్మారైలో గర్భసంచి దాటలేదని వచ్చింది. కర్నూల్లో డాక్టరమ్మ లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్) చేద్దాం, అండాశయాలు కూడా తీసేయాలంటున్నారు. మా పెద్దమ్మేమో కత్తి తగిలితే పాకుతుంది, తప్పదంటే పొట్ట కోసే చేయించండి అంటోంది. అమ్మకి షుగర్ ఉంది, బరువు కూడా ఎక్కువే. భయంగా ఉంది మేడమ్.

జవాబు: అమ్మ బ్లీడింగ్ సంగతి దాచుకోకుండా చెప్పడమే చాలా మంచిదైందమ్మా. ఈ దశలో దొరికితే ఆపరేషనే అసలు వైద్యం, చాలామందికి దాంతోనే నయమైపోతుంది. కత్తి తగిలితే పాకుతుందనేది ఒట్టి భయం, ఆ మాట నమ్మి నెలలు గడిపేస్తేనే ప్రమాదం. లాప్రోస్కోపీ గురించైతే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, హాంకాంగ్‌లలో 760 మంది మీద చేసిన స్టడీ 2017లో వచ్చింది, పొట్ట కోసినా చిన్న రంధ్రాలతో చేసినా జబ్బు తిరగబెట్టడంలో తేడా కనిపించలేదు. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌లో మాత్రం 2018లో లాప్రోస్కోపీకి వ్యతిరేకంగా ఫలితాలొచ్చాయి, జనం రెండూ ఒకటే అనుకుని కంగారు పడుతుంటారు, మీ అమ్మది అది కాదు. పైగా షుగర్, బరువు ఉన్నవాళ్లకి పెద్ద కోత పెడితే చీము పట్టడం, కుట్లు ఆలస్యంగా మానడం ఎక్కువ, అందుకే నేనైతే లాప్రోస్కోపీకే ఓటేస్తాను. ఒక్కటి మాత్రం గట్టిగా అడగండి, గర్భసంచిని లోపల ముక్కలు చేయకూడదు, యోని దారిలో మొత్తంగా బయటికి తీయాలి.

అండాశయాల్లోకి క్యాన్సర్ కణాలు చేరే అవకాశం ఉంటుంది, ఈ వయసులో వాటితో పెద్ద అవసరమూ లేదు కాబట్టి ట్యూబులతో సహా తీసేస్తారు. నలభై ఏళ్ల లోపు వాళ్లైతే, గ్రేడ్ తక్కువుంటే ఉంచే విషయం ఆలోచించొచ్చు.

లింఫ్ గ్రంథుల (క్యాన్సర్ పాకితే చేరే చిన్న గ్రంథులు) గురించి కూడా తప్పకుండా మాట్లాడండి. ఒకప్పుడు అన్నీ తీసేసేవాళ్లు, దాంతో కాళ్లు వాచిపోయి జీవితాంతం బాధపడేవాళ్లున్నారు, ఇప్పుడు గర్భసంచి ముఖద్వారంలో ఆకుపచ్చ రంగు మందు ఎక్కించి, అది ముందు చేరిన ఒకట్రెండు గ్రంథుల్నే తీసి పరీక్షకి పంపుతున్నారు. ఈ సౌకర్యం మీ ఆసుపత్రిలో ఉందా, చేసేది గైనిక్ క్యాన్సర్ సర్జనేనా అని అడగడానికి మొహమాటపడొద్దు. తల కిందికి వంచి చేస్తారు కాబట్టి గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు ముందే చేయించండి, షుగర్ అదుపులోకి తెచ్చుకోండి, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే చూపించండి. తీసిన గర్భసంచి రిపోర్టు వచ్చాక, కండరంలోకి ఎంత దిగిందనే దాన్ని బట్టి యోనిలోపల రేడియేషన్ ఇవ్వాలో అక్కర్లేదో తేలుస్తారు.