పాత సూపర్ జూమ్ కెమెరా పోయింది. 83ఎక్స్ కొనాలా, 125ఎక్స్ కొనాలా?

మీ ప్రశ్న చదవగానే మా టీవీ స్టాండ్ వైపు చూశాను. నా పాత 50ఎక్స్ (50 రెట్లు జూమ్ అయ్యే) కెమెరా అక్కడే ఉంది, లెన్సు బయటికి చాచుకుని, డాక్టరుకు నాలిక చూపిస్తున్న పిల్లాడిలా. మీది పదేళ్లు పనిచేసి పోయిందన్నారు. నాది తొమ్మిదేళ్లకే పోయింది, అదీ నా చేతులారా.

నేను గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. ఆదివారం వస్తే పక్షుల ఫొటోలు తీస్తూ ఉప్పలపాడు చెరువు గట్టు మీద ఉంటాను. ఒక ఏప్రిల్లో, ఎండకు కెమెరా పాడవుతుందేమోనని అతి తెలివికి పోయి, బ్యాగు తీసుకెళ్లి చాంబర్లో మిర్చి టిక్కీల (బస్తాల) మీద పెట్టాను. లోపల పది డిగ్రీల లోపు, బయట 42. సాయంత్రం బయటికి తెచ్చి జిప్పు తీశానో లేదో, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాలా కెమెరాకు ఒళ్లంతా చెమట పట్టింది. పైన గుడ్డతో తుడిచాను. లోపల గాజు మీద పట్టినదాన్ని ఎవరు తుడుస్తారు? వానాకాలం వచ్చేసరికి లెన్సులో సాలెగూడులాగా బూజు కనిపించింది.

దానికి తోడు మిర్చి దుమ్ము. ఈ జూమ్ లెన్సులు సైకిల్ పంపు లాంటివి. బయటికి సాగిన ప్రతిసారీ గాలి పీలుస్తాయి, గాలితో పాటు దుమ్మూ లోపలికి పోతుంది. సీజన్లో యార్డు రోడ్డున నడిస్తే మనుషులకే దగ్గు ఆగదు, ఇక దాని సంగతి చెప్పాలా. ఒక ఫిబ్రవరి ఉదయం గూడబాతు (పెలికాన్) పిల్ల తల్లి గొంతులోకి తలంతా దూర్చి చేప లాక్కుంటోంది. జూమ్ నొక్కాను. కరకరమని రెండుసార్లు చప్పుడు, స్క్రీన్ మీద లెన్స్ ఎర్రర్. అంతే. చాచిన లెన్సు మళ్లీ లోపలికి పోలేదు. కండువాలో చుట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని, బండి వెనక కూర్చుని ఇంటికి తెచ్చాను. రిపేరుకిస్తే 40 రోజులు ఉంచుకుని "పార్టు రావట్లేదు సార్" అని తిరిగిచ్చారు. మెడలో వేసుకునే స్ట్రాప్ మాత్రం తిరిగి రాలేదు.

ఇక కొత్తదాని వేట. షాపులో బ్రిడ్జ్ కెమెరా (లెన్సు ఊడదీయనక్కర్లేని ఇలాంటి పెద్ద జూమ్ కెమెరాలను అలాగే అంటారు) కావాలంటే కౌంటర్ దగ్గరి కుర్రాడు "బ్రిడ్జిల మీద పెట్టే సీసీ కెమెరాలు మా దగ్గర ఉండవు సార్" అన్నాడు. వాడిని అని లాభం లేదు. ఫోన్లు వచ్చాక ఈ రకం కెమెరాలు తయారుచేసేవాళ్లే తగ్గిపోయారు. నికాన్ 125ఎక్స్ పీ1000 వచ్చింది 2018లో. దాని తర్వాతిది పీ1100 అని 2025లో తెచ్చారు. ఏడేళ్ల తర్వాత చూస్తే అదే లెన్సు, అదే 125ఎక్స్, చార్జింగ్ పిన్ను మాత్రం కొత్తది. కెనాన్ ఎస్‌ఎక్స్70 కూడా 2018దే. ఇంట్లో బావమరిది ఒకడు, "బావా, లెన్సులు మార్చుకునే డీఎస్‌ఎల్‌ఆర్ కొను, ఇవన్నీ బొమ్మలు" అని ఒకటే పోరు. వాడి 600 మిల్లీమీటర్ల లెన్సు, స్టాండు, బ్యాగు కలిపితే మా మనవరాలంత బరువు. ఉప్పలపాడుకు ఒక్కసారి మోసుకొచ్చాడు. స్టాండు కాళ్లు విప్పేసరికి తెల్ల కంకణం పక్షుల గుంపు లేచిపోయింది. మళ్లీ రాలేదు (వీడు, కంకణాలు కాదు).

మీ అసలు ప్రశ్నకు వస్తాను. 125ఎక్స్ కొనకండి. ఎందుకో కృష్ణ ఒడ్డున తెలిసింది.

మా పెద్ద తోడల్లుడు విజయవాడలో ఉంటారు. ఆయన దగ్గర పీ1000 ఉంది. కొనే ముందు ఒకసారి చేతిలో పట్టుకుని చూద్దామని ఏప్రిల్లో ఒక శనివారం వెళ్లాను. ఇడ్లీ, పెసరట్టు, కాఫీ, మళ్లీ కాఫీ అయ్యేసరికి పదకొండు. సీతానగరం ఘాట్‌కు పోయి, ఎదురుగా ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడి గోపురం తీద్దామన్నారు. మధ్యలో నది. ప్రకాశం బ్యారేజీ పొడవే 1.2 కిలోమీటర్ల పైన, గుడి అంతకంటే దగ్గరలో ఏమీ ఉండదు. 3000 మిల్లీమీటర్ల దాకా (125ఎక్స్ అంటే అదే) జూమ్ లాగారు. ముందు కొండరాయి కనిపించింది, తర్వాత ఆకాశం, తర్వాత ఎవరిదో డాబా మీద ఆరేసిన చీర. ఆ జూమ్‌లో కెమెరా చూసేది ఒక డిగ్రీ కూడా ఉండదు. చెయ్యి వెంట్రుకవాసి కదిలితే గోపురం మాయం. చివరికి దొరికింది. దొరికి ఏం లాభం? మరుగుతున్న ఎసట్లో చూస్తున్నట్టు గోపురమంతా ఊగిపోతోంది. అంచులు కరుగుతున్నాయి, మళ్లీ అతుక్కుంటున్నాయి.

"ఫోకస్ కుదర్లేదేమో అన్నయ్యా" అన్నాను.

"ఫోకస్ బాగానే ఉందోయ్, చెయ్యి వణుకుతోంది" అని స్టాండు తీశారు. స్టాండు మీదా అంతే. టైమర్ పెట్టి, ముట్టుకోకుండా తీశాం. అంతే. ఆయనకు కోపం వచ్చి లెన్సు తుడిచారు. నాకు చెమట కారి, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ అద్దం మసకబారింది. ఘాట్ మెట్లు కాళ్లు కాలుస్తున్నాయి, నది మధ్యలో ఇసుక మేటలు నిప్పుల్లా ఉన్నాయి. అప్పుడు వెలిగింది. వణికేది చెయ్యి కాదు, గాలి. కాలిన ఇసుక మీద నుంచి, మెట్ల మీద నుంచి వేడి గాలి పైకి లేస్తుంది. వేడి గాలీ చల్ల గాలీ కలిసేచోట వెలుగు వంకర పోతుంది. తారు రోడ్డు మీద ఎండమావి చూస్తాం కదా, అదే పని ఇక్కడా జరుగుతోంది. కెమెరా జూమ్ పెంచితే గుడితో పాటు ఆ వంకర కూడా పెరుగుతుంది. ఇరవై వేలదైనా రెండు లక్షలదైనా అంతే.

ఆ రాత్రి కృష్ణలంకలో వాళ్లింట్లోనే పడుకుని, తెల్లవారుజామున ఐదున్నరకు ఆయన్ను లేపాను. తిట్టుకుంటూనే వచ్చారు. అదే ఘాట్, అదే మెట్టు, అదే కెమెరా. రాయి రాత్రంతా చల్లారి పాదాలకు హాయిగా ఉంది. గోపురం గీసినట్టు కనిపించింది. పైన వాలిన పావురాలను లెక్కపెట్టాను, ఏడు. తర్వాత 2000 దగ్గర ఒకటి, 1200 దగ్గర ఒకటి తీశాను. ఎనిమిది కాకముందే మళ్లీ ఊగడం మొదలైంది. ఇంటికొచ్చి అన్నీ కంప్యూటర్లో పెట్టి చూస్తే, 2000ది కోసి పెద్దది చేసినదానికీ 3000దానికీ తేడా చెప్పమంటే ఆయనే చెప్పలేకపోయారు. పందెం కాఫీకి కాబట్టి సరిపోయింది.

ఇంకో చిన్న లెక్క చెబుతాను, షాపువాళ్లెవరూ చెప్పరు. 36ని జూమ్ మిల్లీమీటర్లతో భాగించి, దూరంతో గుణిస్తే ఫొటోలో ఎంత వెడల్పు పడుతుందో వస్తుంది. వంద మీటర్ల దూరంలో పక్షి ఉందనుకోండి. 1200 జూమ్‌లో 3 మీటర్ల వెడల్పు పడుతుంది, 2000లో 1.8 మీటర్లు. గూడబాతు ఒడ్డూ పొడుగూ చూస్తే మీటరున్నర దాకా ఉంటుంది. ఇక 3000 జూమ్ దేనికి, దాని ముక్కు మీది చుక్కలు లెక్కపెట్టడానికా? చంద్రుడి కోసం అంటారు కొందరు. 3000 దగ్గర చంద్రుడు ఫ్రేములో పైనా కిందా పట్టడు, జూమ్ వెనక్కి తగ్గించాల్సిందే. 2000 దగ్గర నిండుగా పడతాడు. అయినా కెమెరా కొన్న ప్రతివాడూ మొదటి పౌర్ణమికి చంద్రుణ్ని తీసి వాట్సాప్‌లో పెట్టి, రెండో పౌర్ణమికి కెమెరాను అటక మీద పెడతాడు.

నేను కొన్నది నికాన్ పీ950. 83ఎక్స్, 24 నుంచి 2000 దాకా. 2020లో వచ్చిన మోడల్. దీనికి ముందున్న పీ900లో రా ఫైలు (కెమెరా మెరుగులు దిద్దకుండా దాచే పచ్చి ఫొటో) లేదు, ఇందులో ఉంది. తెల్ల కొంగల రెక్కలు ఎండకు మరీ తెల్లగా వచ్చి ఈకలు కనిపించకపోతే, వాటిని వెనక్కి లాక్కోవడానికి అది కావాలి. బరువు కిలో, పీ1000 అయితే కిలో 400 గ్రాములు. ఆ 400 గ్రాములు ఏమంత అనుకుంటారు, గట్టు మీద రెండు గంటలు మెడలో వేసుకుని నిలబడి చూడండి. లెన్సు పక్కన ఒక బటన్ ఉంటుంది, స్నాప్ బ్యాక్ అంటారు. పక్షి తప్పిపోతే నొక్కితే జూమ్ కాస్త వెనక్కి వస్తుంది, పక్షి దొరికాక వదిలేస్తే మళ్లీ ముందుకు పోతుంది. పాత కెమెరా పోయినందుకు కాదుగానీ ఈ బటన్ ఇన్నాళ్లూ వాడనందుకు బాధపడ్డాను. షాపులో మీరు నొక్కి చూడాల్సింది జూమ్ కాదు, ఈ బటన్.

దీనికి లోపాలు లేవని కాదు. సెన్సర్ (లోపల వెలుగు పట్టే చిప్పు) చిన్నది, 6.2 బై 4.6 మిల్లీమీటర్లు, మన చిటికెన వేలి గోరు కంటే చిన్నది. మబ్బు పట్టిందా, ఐఎస్‌ఓ (వెలుగు చాలనప్పుడు కెమెరా పెంచుకునే అంకె) 800 దాటిందా, ఈకలన్నీ కలిసిపోయి గూడబాతుకు సున్నం కొట్టినట్టు వస్తుంది. ఎగిరే పక్షికి ఇది పనికిరాదు, నేనైతే ప్రయత్నించడం మానేశాను. మీకు ఎగిరేవే కావాలన్నా, కొల్లేరుకు పోయి ఆటపాకలో పడవెక్కి తీయాలన్నా, బడ్జెట్ లక్ష దాటినా ఫర్వాలేదన్నా సోనీ ఆర్‌ఎక్స్10 నాలుగో మోడల్ చూడండి. జూమ్ 600 దగ్గరే ఆగిపోతుంది, కానీ సెన్సర్ వైశాల్యం నాలుగు రెట్లు, జూమ్ చివర కూడా లెన్సు ఎఫ్/4, అంటే వెలుగు బాగానే లోపలికి వస్తుంది. సెకనుకు 24 ఫొటోలు తీస్తుంది. దాని 20 మెగాపిక్సెళ్లను 1200 జూమ్‌కు సరిపడా కోస్తే 5 మిగులుతాయి. మనవాళ్లు ఫొటోలు చూసేది ఫోన్లోనే కదా, ఐదు ఎక్కువే. 2017 మోడల్ అని చిన్నచూపు చూడకండి.

ఏది కొన్నా బ్యాటరీ ఇంకోటి తీసుకోండి. పీ950కి కంపెనీ చెప్పే లెక్కే ఒక చార్జింగ్‌కు 290 ఫొటోలు. జూమ్ ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఉంటే నాకు అన్ని కూడా రావు. మందుల షాపువాళ్లను అడిగితే మాత్రల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు ఊరికే ఇస్తారు, నాలుగు బ్యాగులో పడేయండి. ఏసీ కారులో వెళ్లేవాళ్లైతే దిగగానే బ్యాగు జిప్పు తీయకండి, అరగంట ఆగండి. గూట్లో పిల్లలున్నంత కాలం గూడబాతులు ఎక్కడికీ పోవు.