కార్టెక్స్ జన్యువు లోపలి మెడుల్లాలోనూ, కణజాలం వెలుపలా కనిపించడం గురించి

చిట్టెలుక మూత్రపిండపు విజియం చిత్రంలో (కణజాలపు కోతలో ఏ జన్యువు ఎక్కడ చురుగ్గా ఉందో స్లైడ్‌పై చిన్న స్పాట్ల వారీగా చూపే పద్ధతి ఇది) ప్రధానంగా కార్టెక్స్‌లో, అంటే వెలుపలి పొరలో, ఉండవలసిన ఎస్‌ఎల్‌సీ34ఏ1 అనే జన్యువు సంకేతం లోపలి భాగమైన మెడుల్లాలోకీ, కణజాలపు అంచు దాటీ మసకగా పరచుకుందని, ఇది క్లస్టరింగ్ (ఒకేలాంటి స్పాట్లను గుంపులుగా చేర్చే విశ్లేషణ) లోపమేమోనని మీరు అడిగారు. అది కాకపోవచ్చు. మెదడుకు కుదిరిన పర్మియబిలైజేషన్ (ఆర్‌ఎన్‌ఏ బయటికి రావడానికి కణాల పొరలను తెరిచే దశ) సమయాన్నే మూత్రపిండానికీ వాడామని రాశారు. అందువల్ల ఆర్‌ఎన్‌ఏ పక్క స్పాట్లలోకి విస్తరించి ఉంటుంది.

1. ముందుగా రా కౌంట్ మాట్రిక్స్ (స్లైడ్‌పై అన్ని స్పాట్లలోని జన్యువుల లెక్కల, వడకట్టని పట్టిక) తెరవండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఫిల్టర్ చేసిన మాట్రిక్స్‌లో కణజాలం కింది స్పాట్లు మాత్రమే మిగులుతాయి కనుక, వెలుపల ఏం జరిగిందో అందులో ఎంత వెతికినా తెలియదు. కణజాలం లేని ఖాళీ స్పాట్ల యూఎంఐ సంఖ్యలను (అక్కడ పట్టుబడిన ఆర్‌ఎన్‌ఏ అణువుల లెక్కను) స్లైడ్ చిత్రంపై గీయండి. అవి అంచు దగ్గర ఎక్కువగా ఉండి, దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంటే అది విస్తరణే. ఒక వైపు మాత్రమే ఎక్కువగా ఉంటే, ఫిడ్యూషియల్ చట్రం (చిత్రాన్ని స్పాట్లతో సరిపోల్చడానికి స్లైడ్‌పై ఉండే గుర్తుల చట్రం) అమరిక తప్పిందేమో ముందు చూడాలి.

2. విస్తరణే అయితే, దానిని లెక్కగట్టి సరిచేసే స్పాట్‌క్లీన్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఆ రా మాట్రిక్స్‌నే ఇవ్వండి, నార్మలైజ్ చేసిన (స్పాట్ల మధ్య పోల్చడానికి సర్దుబాటు చేసిన) విలువలను కాదు. ఇది కొంతవరకే సరిచేస్తుంది.

3. తదుపరి ప్రయోగానికి ముందు ఆప్టిమైజేషన్ స్లైడ్‌పై (పర్మియబిలైజేషన్ సమయాన్ని నిర్ణయించే పరీక్ష స్లైడ్‌పై) మూత్రపిండపు కోతలనే వేర్వేరు నిమిషాల పాటు పరీక్షించి, ఫ్లోరోసెంట్ సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏ నుంచి తయారైన డీఎన్‌ఏ ప్రతి) ముద్ర ప్రకాశవంతంగా ఉంటూనే అంచులు పదునుగా నిలిచిన సమయాన్ని ఎంచుకోండి.

స్పాట్ వ్యాసం 55 మైక్రాన్లు, ఒక్కోదాని కింద పలు కణాలుంటాయి. కాబట్టి కార్టెక్స్, మెడుల్లా కలిసే చోట కొంత మిశ్రమం సహజమే, దానిని సరిచేయబోకండి.