జీతమూ, దాచుకున్నదీ ఒకే కంపెనీలో ఉంటే

ప్రశ్న: నా వయసు 38. హైదరాబాద్‌లో ఒక అమెరికన్ మెమరీ చిప్‌ల కంపెనీలో డిజైన్ ఇంజినీరును. ఆరేళ్లుగా వచ్చిన ఆర్‌ఎస్‌యూలను (జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్లను) అమ్మలేదు. మా పొదుపులో మూడింట రెండు వంతులు అవే. ఇంటి రుణం ఉంది, పాప ఆరేళ్లలో కాలేజీకి వస్తుంది. చిప్‌ల విషయంలో చైనాపై అమెరికా పెడుతున్న ఎగుమతి ఆంక్షల వార్తలు భయపెడుతున్నాయి. షేర్లు అమ్మాలా, ఉంచాలా?

జవాబు: మీ భయం అకారణమైనది కాదు. డీరామ్ (కంప్యూటరు, ఫోను నడిచేటప్పుడు వాడే తాత్కాలిక మెమరీ చిప్) తయారీ ప్రధానంగా శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ చేతుల్లోనే ఉన్నా, ఒకరి చిప్‌కు బదులు మరొకరిది వాడుకోవచ్చు కాబట్టి సరుకు కాస్త మిగిలినా ధర కుప్పకూలుతుంది. 2023 ఆర్థిక సంవత్సరంలో మైక్రాన్ 583 కోట్ల డాలర్ల నష్టం చూపింది. దానికి ముఖ్య కారణం గిరాకీ తగ్గడమే అయినా, అదే ఏడాది మే నెలలో కీలక మౌలిక సదుపాయాల సంస్థలు ఆ కంపెనీ ఉత్పత్తులు కొనరాదని చైనా ఆదేశించడంతో గాయం మీద మరో దెబ్బ పడింది.

ఆంక్షలు తయారీని ఎలా తాకుతాయో మీకు నాకన్నా బాగా తెలుసు. 2022 అక్టోబరు 7న అమెరికా తెచ్చిన నిబంధనలు, 18 నానోమీటర్లు లేదా అంతకన్నా సన్నని డీరామ్‌ను, 128 పొరలు లేదా అంతకు మించిన నాండ్‌ను (కరెంటు పోయినా సమాచారం నిలిచే మెమరీ చిప్‌ను) చైనాలో తయారుచేసే యంత్రాలకు లైసెన్సు తప్పనిసరి చేశాయి. చైనాలోని షియాన్‌లో శాంసంగ్‌కు, ఊషీలో ఎస్‌కే హైనిక్స్‌కు పెద్ద ఫ్యాక్టరీలున్నందున ఆ చిక్కు కొరియాకూ చుట్టుకుంది. యంత్రాలు మార్చుకుంటూ కొత్త తరానికి వెళ్లకపోతే ఒక్కో బిట్‌కు (నిల్వచేసే సమాచారపు అతిచిన్న ముక్కకు) అయ్యే ఖర్చులో మెమరీ ఫ్యాక్టరీ వెనకబడుతుంది; అంటే తాళం పడకుండానే దాని విలువ కరిగిపోతుంది. ఆ రెండు కంపెనీలకు మొదట ఒక ఏడాదికి మినహాయింపు, 2023లో గడువు లేని అనుమతి దక్కాయి. ఆ అనుమతిని రద్దు చేస్తున్నట్టు అమెరికా 2025 ఆగస్టులో ప్రకటించింది. ఇలాంటి నిర్ణయాలను కంపెనీ లెక్కలు చదివి ముందే పసిగట్టలేము. షేరు పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది నేను చెప్పను. మీ జీతం, ఇంటి వాయిదా, పాప చదువు మూడూ ఒకే ఉత్తర్వుకు లోబడి ఉండటమే నన్ను కలవరపెడుతోంది.

కాబట్టి ఇకపై వెస్ట్ అయ్యే (గడువు పూర్తయి మీ సొంతమయ్యే) షేర్లను వీలైనంత త్వరగా అమ్మేయండి. ఆ విలువపై జీతం కింద పన్ను ఎలాగూ పడుతుంది. వాటిని ఉంచుకోవడమంటే చేతికొచ్చిన బోనస్‌తో సొంత కంపెనీ షేర్లు కొన్నట్టే. పాతవాటిలో 24 నెలలు దాటినవి ముందు అమ్మితే లాభంపై 12.5 శాతం పన్ను, దానిపై సెస్సు పడతాయి. దాటనివాటిపై మీ శ్లాబు రేటు వర్తిస్తుంది. ఏడాదిన్నరలో విడతలవారీగా వాటి వాటాను పొదుపులో పదో వంతుకు దించండి. మొదట వచ్చే డబ్బుతో ఏడాది ఇంటి ఖర్చు, వాయిదాలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టండి. మీ రంగంలో ఉద్యోగం పోతే, చాలా కంపెనీలు ఒకేసారి నియామకాలు ఆపేసే సమయంలోనే పోతుంది. మిగతాది నాస్‌డాక్ (అమెరికా షేర్ మార్కెట్) ఫండ్‌లో పెడదామనిపించవచ్చు గానీ, అందులోనూ చిప్ కంపెనీల బరువు ఎక్కువే. మన దేశపు ఇండెక్స్ ఫండ్, పాప చదువు దగ్గరపడే కొద్దీ డెట్ ఫండ్ మీకు నప్పుతాయి.

చాలామంది పట్టించుకోని సంగతి మరొకటి ఉంది. అమెరికా పౌరులు కాని, అక్కడ స్థిరపడని వారు మరణిస్తే, 60,000 డాలర్లు దాటిన అమెరికన్ షేర్లపై అక్కడి ఎస్టేట్ పన్ను 40 శాతం దాకా పడవచ్చు. ఆ భారం మీ కుటుంబంపై పడకూడదు. అమ్మే ముందు మీ కంపెనీ ట్రేడింగ్ విండో (ఉద్యోగులు షేర్లు అమ్ముకోవడానికి అనుమతించే కాలం) తెరిచి ఉందో లేదో చూసుకోండి. అమ్మినా, ఉంచినా ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపడం మాత్రం మరవకండి.