ఎదుటివాళ్లకు నొప్పిగా ఉందని ముఖం చూసి ఎలా గుర్తుపడతాం?

ముఖ్యంగా కళ్ల చుట్టూ, కనుబొమల మధ్య చూసి. నొప్పి కలిగితే కనుబొమలు కిందికి దిగి దగ్గరవుతాయి, కళ్ల చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి, ముక్కు ముడతపడి పైపెదవి లేస్తుంది, కళ్లు మూతపడతాయి. కెనడా మనస్తత్వవేత్త కెనెత్ ప్రకాచిన్ 1992లో ప్రధాన గుర్తులుగా చూపినవి ఇవే. కోపం వచ్చినా బొమలు ముడిపడతాయి, అసహ్యం కలిగినా ముక్కు ముడుస్తాం. ఇవన్నీ ఒకేసారి కనిపిస్తే మాత్రం నొప్పి అని తోస్తుంది. ఓర్చుకోవడం అలవాటైన పెద్దవాళ్లలో ఇవేవీ కనిపించకపోవచ్చు, కాబట్టి నోరు తెరిచి అడగడం చాలా అవసరం.

లేని నొప్పిని నటిస్తే పట్టుకోవడం ఇంకా కష్టం. 2014లో వెలువడిన ఒక పరిశోధనలో, శిక్షణ ఇచ్చాక కూడా మనుషులు నొప్పి నిజమో నటనో 55 శాతం సార్లే సరిగ్గా చెప్పారు. కంప్యూటర్ 85 శాతం సార్లు చెప్పింది. నటించేవాళ్ల నోరు మరీ ఒకే లయలో తెరుచుకోవడమే దానికి బాగా పనికొచ్చిన ఆధారం.