సంగీతం నేర్పుతుంటే గొంతు జీరపోతోంది.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 43. గుంటూరు బ్రాడీపేటలో ఇంటి దగ్గరే పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పుతాను. నెల రోజులుగా గొంతు జీరగా ఉంటోంది. తారస్థాయిలో గాలి తప్ప స్వరం రావడం లేదు. మిరియాల పాలు, కరక్కాయ అన్నీ అయ్యాయి. ఒకరు పొట్టలోంచి పాడమంటారు, ఇంకొకరు నాదం ముక్కులో మోగాలంటారు. ఏది నిజం?
- ఓ పాఠకురాలు

డాక్టర్ సలహా: ముందు గొంతు చూపించుకోండి, తర్వాత నాదం సంగతి. జలుబుతో పోయిన గొంతు మామూలుగా రెండు వారాల్లో తేరుకుంటుంది. మూడు వారాలు దాటిన జీరకు ఈఎన్‌టీ డాక్టరు లారింగోస్కోపీ చేయాల్సిందే. స్వరతంతులను (వోకల్ కార్డ్స్) కెమెరాతో నేరుగా చూసే పరీక్ష అది, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మీ ఊరి ప్రభుత్వ ఆస్పత్రి జీజీహెచ్‌లోనూ ఈఎన్‌టీ విభాగం ఉంది. స్వరతంతుల మీద బుడిపెలున్నాయని తేలినా టెన్షన్ పడకండి. చాలామందికి ఆపరేషన్ లేకుండా వాయిస్ థెరపీతోనే తగ్గుతాయి. కరక్కాయ రసమైనా, మిరియాల పాలైనా అన్నవాహికలోకే పోతాయి, స్వరతంతులను తాకవు. గొంతుకు హాయిగా అనిపిస్తే తీసుకోండి, అంతే.

ఇక మీ ప్రశ్న. స్వరం పుట్టేది పొట్టలోనూ కాదు, ముక్కులోనూ కాదు, స్వరపేటికలో. పొట్ట కండరాల పని ఊపిరిని నిదానంగా వదలడం. వీణ తీగకు కుండ ఎలాగో, స్వరతంతులకు గొంతు, నోరు అలాగ. పుట్టిన స్వరాన్ని పెద్దది చేసేది ఆ ఖాళీయే. ముక్కు చుట్టూ తెలిసే అదురు నాదం కుదిరిందనడానికి గుర్తు మాత్రమే. శిష్యులతో ఓ పరీక్ష చేయించండి. అకారం పాడుతూ ముక్కు మూయమనండి. స్వరం మారకపోతే సరే. మారిందంటే గాలి ముక్కులోకి జారుతోంది. దాన్నే నాదం అనుకుని పిల్లలు ముక్కుతో పాడటం అలవాటు చేసుకుంటారు.

అసలు నా అనుమానం మీ పాట మీద కాదు, పాఠం మీద. మీ శ్రుతి వదిలేసి, పిల్లల శ్రుతిలో ప్రతి జంట స్వరం వాళ్లతో కలిసి పాడుతున్నారు కదూ? ఐదున్నర శ్రుతిలో తార షడ్జమం (పై 'స') పట్టాలంటే స్వరతంతులు సెకనుకు 400 సార్లకు పైగా అదరాలి. బ్యాచ్ తర్వాత బ్యాచ్ అదే పని! ఒక్కసారి పాడి చూపించి ఆపండి. మిగతాది వాళ్లే పాడాలి, మీరు తాళం వేసి వినండి. చేయి తట్టి పిలవండి, కేకలొద్దు. గుసగుసలూ వద్దు, చాలామందికి వాటితో గొంతు ఇంకా బిగుస్తుంది.

క్లాసుకు ముందు సగం గ్లాసు నీళ్లలో స్ట్రా కొనను రెండు వేళ్ల లోతు ముంచి, బుడగలు వస్తుండగా 'ఊ' అంటూ మీకు హాయిగా ఉన్న స్థాయిలో రెండు మూడు నిమిషాలు పలకండి. తర్వాత నోరు మూసి మకారంతో మంద్ర స్థాయి నుంచి మధ్య స్థాయి దాకా వెళ్లండి. తారస్థాయి జోలికి ఇప్పుడు పోకండి. ఈ సాధన పిల్లలకూ నేర్పవచ్చు, గొంతు చించుకోకుండా నాదం ఎలా వస్తుందో వాళ్లకే తెలుస్తుంది.

రాత్రి ఆలస్యంగా కారం దట్టించిన భోజనం చేసి వెంటనే పడుకునే అలవాటుంటే మానండి (గుంటూరు వాళ్లకు ఈ మాట చెప్పడం కష్టమే!). పైకి తన్నే ఆమ్లంతోనూ గొంతు జీరపోతుంది. నొప్పికి ఆస్పిరిన్ సొంతంగా వేసుకోకండి, స్వరతంతుల్లో రక్తం చిమ్మే ముప్పు పెరుగుతుంది. పాడుతుండగా గొంతు ఒక్కసారిగా పోతే మాట కూడా ఆపేసి, ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి.